నెట్ లేదని వదిలేసిన కంప్యూటర్లు

చాలా డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ మూలనొక పాత కంప్యూటర్ ఉంటుంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు విండోస్ ఎక్స్‌పీ మీదో, విండోస్ 7 మీదో ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి కాబట్టి యజమాని దాన్ని మార్చరు. ‘దీనికి నెట్ కలపలేదండీ, వైరస్ ఎక్కడినుంచి వస్తుంది?’ అని ధీమాగా చెబుతారు. కానీ పెళ్లిళ్ల సీజన్ వస్తే శుభలేఖల మ్యాటర్ పట్టుకొని వచ్చే వారి పెన్‌డ్రైవ్‌లు పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ కంప్యూటర్‌కే తగులుతూ ఉంటాయి. నాకు తెలిసిన ఒక కేంద్రంలో ఓ ఉదయం తెరిచి చూసేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి, అసలు ఫైళ్లు కనిపించకుండా పోయాయి. వాటిని వెతికి బయటికి తీయడంతోనే ఆపరేటర్‌కు సాయంత్రమైంది.

నెట్ లేకపోవడం వేరు, బయటి ప్రపంచంతో సంబంధం లేకపోవడం వేరు. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే ఇలాంటి కంప్యూటర్లు ఏళ్ల తరబడి ఒక్క అప్‌డేట్‌కూ నోచుకోవడం లేదు.

2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ ఈ విషయంలో అందరికీ తెలిసిన ఉదాహరణ. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రంలో నియంత్రణ యంత్రాలను ఇంటర్నెట్‌కు దూరంగానే ఉంచారు. అయినా యురేనియాన్ని శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌లు దెబ్బతిన్నాయి. షార్ట్‌కట్ ఐకాన్‌ను తెరపై చూపించే పద్ధతిలో విండోస్‌లో ఉన్న లోపాన్ని ఆ ప్రోగ్రామ్ వాడుకుంది. పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌ను తెరిచి చూస్తే చాలు, దేని మీదా క్లిక్ చేయకుండానే అది లోపలికి వచ్చేది. అప్పటికి ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్, అంటే ప్యాచ్, లేదన్నది నిజమే. ఆ ఏడాది ఆగస్టు 2న మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసింది. అయితే ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 (అప్పటిదాకా వచ్చిన అప్‌డేట్ల కట్ట) వరకే వేసిన కంప్యూటర్లకు మద్దతు అంతకు మూడు వారాల ముందే, జులై 13న, ముగిసిపోయింది కాబట్టి, సర్వీస్ ప్యాక్ 3 వేయని కంప్యూటర్లకు ఆ ప్యాచ్ వర్తించలేదు. నెట్ ఉన్నవారిలో చాలామందికి ఆ సర్వీస్ ప్యాక్ దానంతటదే వచ్చి ఉంటుంది. నెట్ లేనివారికి ఎవరో ఒకరు సీడీలో తెచ్చి వేస్తేనే వచ్చింది.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నక్రై ప్రోగ్రామ్ 2017 మే 12న మొదలుపెట్టిన దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. అది వాడుకున్న లోపానికి మార్చి 14నే ప్యాచ్ వచ్చింది. అంటే దాదాపు రెండు నెలల వ్యవధి ఉంది. ఆ ప్రోగ్రామ్ ఆఫీసులోని లోకల్ నెట్‌వర్క్ మీదుగా ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి పాకింది కాబట్టి, బయటి నెట్ లేని గదిలోకి కూడా ఒక్క ల్యాప్‌టాప్‌తో చేరగలిగేది. మద్దతు ఎప్పుడో ఆగిపోయిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ మర్నాడే ప్రత్యేకంగా ప్యాచ్ ఇచ్చింది. మన డీటీపీ కేంద్రాల్లోని ఎక్స్‌పీ కంప్యూటర్లలో ఎన్నింటికి ఎవరైనా దాన్ని తీసుకెళ్లి వేశారు?

వేయడానికి దారి లేక కాదు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అనే సైటులో దాదాపు ప్రతి అప్‌డేట్ విడి ఫైలుగా దొరుకుతుంది. నెట్ ఉన్న చోట దించుకొని, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, డబుల్ క్లిక్ చేస్తే ఎక్కుతుంది. చిక్కంతా వరుసలోనే ఉంది. 2019లో విండోస్ 7 అప్‌డేట్లను ఎస్‌హెచ్‌ఏ-2 అనే కొత్త పద్ధతిలో మాత్రమే డిజిటల్ సంతకం (ఫైలు అసలైనదేనని చూపే గుర్తు) చేసి ఇవ్వడం మొదలైంది. ఆ సంతకాన్ని గుర్తించే చిన్న అప్‌డేట్ ముందు వేయకపోతే తర్వాతివి ఎక్కవు. నెట్ ఉన్న కంప్యూటర్ ఈ వరుసను తానే చూసుకుంటుంది. నెట్ లేనిచోట అది మనిషి పని, అది తెలియనివారు రెండుసార్లు ప్రయత్నించి వదిలేస్తారు.

ఈ పనిని, విండోస్‌కు బదులు ఉచితంగా వాడుకోగల డెబియన్ లినక్స్ చక్కగా చేసి చూపింది. ఏపీటీ-ఆఫ్‌లైన్ అనే సాఫ్ట్‌వేర్ పరికరం నెట్ లేని కంప్యూటర్‌లో కూర్చొని తనకు ఏమేం కావాలో ఒక చిన్న ఫైలులో రాసిస్తుంది. దాన్ని నెట్ ఉన్న మరో కంప్యూటర్‌కు తీసుకెళితే, అక్కడ అదే పరికరం ఆ జాబితా ప్రకారం అన్నీ దించి ఒకే కట్టగా కడుతుంది. కట్టను వెనక్కి తెచ్చి వేసేటప్పుడు డెబియన్ సంతకాలతో సరిచూసుకోవచ్చు కాబట్టి, దారిలో ఎవరైనా ఫైలు మార్చి ఉంటే బయటపడుతుంది. సంతలో సరుకులకు ఇంట్లోవాళ్లు చీటీ రాసి పంపినట్టే ఉంటుంది ఈ పద్ధతి. ఇంత సులువుగా వాణిజ్య సంస్థలు ఎందుకు ఇవ్వలేకపోతున్నాయన్నదే నా ప్రశ్న. ఇప్పుడు ఎన్నో సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టాలర్ పేరుకు మాత్రమే ఫైలు. తెరవగానే మిగతాదంతా నెట్ నుంచి దించుకోవాలని చూస్తుంది. పూర్తి ఫైలు ఉన్నా సైటులో ఏ మూలనో దాచినట్టు ఉంటుంది. డబ్బు తీసుకొని సాఫ్ట్‌వేర్ అమ్మినవారు దాని ప్యాచ్‌ను నెట్ లేని కంప్యూటర్‌కూ పూర్తి ఫైలుగా, వేయాల్సిన వరుసతో సహా అందించి తీరాలి. ప్రభుత్వ కార్యాలయాలు కొనుగోలు ఒప్పందంలోనే ఈ షరతు పెట్టాలి.

నేను చెప్పిన ఆ కేంద్రంలో ఇప్పుడు రెండు మార్పులు జరిగాయి. కస్టమర్ల పెన్‌డ్రైవ్ ముందుగా ఒక పాత లినక్స్ ల్యాప్‌టాప్‌కు వెళుతుంది; అందులోంచి మ్యాటర్ ఫైలు ఒక్కటే కేంద్రానికి చెందిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటారు. ఎక్స్‌పీ కంప్యూటర్‌కు సర్వీస్ ప్యాక్ 3, 2017 నాటి ప్యాచ్ వేశారు. ఏ ఫైలు ఏ తేదీన వేశారో బిల్లు పుస్తకం చివరి పేజీలో రాసుకుంటున్నారు.