జలాంతర్గామికి జలాంతర్గామే ఇంధన నౌక అయిన కాలం

1942 ఏప్రిల్‌లో బెర్ముడా దీవులకు ఈశాన్యంగా, ఏ తీరానికైనా వందల మైళ్ల దూరంలో, యు-459 అనే జర్మన్ జలాంతర్గామి మరో జర్మన్ జలాంతర్గామి యు-108కు గొట్టం ద్వారా డీజిల్ అందించింది. యు-459కు టార్పెడోలు ప్రయోగించే గొట్టాలు లేవు. శత్రు నౌకలను ముంచడం దాని పని కాదు. ముంచే పనిలో ఉన్న జలాంతర్గాములకు నడిసముద్రంలోనే ఇంధనం, ఆహారం, టార్పెడోలు, విడిభాగాలు అందించడానికే దాన్ని నిర్మించారు. ఆ ఒక్క యాత్రలోనే అది డజనుకు పైగా జలాంతర్గాములకు సరఫరాలు అందించి వెనక్కి వెళ్లింది. ఈ తరహావి జర్మనీ మొత్తం పది నిర్మించుకుంది. 1944 జూన్ మధ్యకు వచ్చేసరికి పదీ సముద్రగర్భంలో ఉన్నాయి.

విమానాల ముందు ఒక నౌకా నమూనా నిలవలేకపోయిందని ఈ చరిత్రను సాధారణంగా చెబుతుంటారు. అందులో నిజం ఉంది గానీ ఆ వివరణ సరిపోదు. ఆ జలాంతర్గాములు తమకు అప్పగించిన పనిని నిర్మాతలు ఆశించినట్లే చేశాయి. లోపం ఉన్నది వాటిని నడిపిన ఏర్పాటులో. విశాల సముద్రంలో రెండు నౌకలు ముందుగా నిర్ణయించుకున్న చోట, నిర్ణయించుకున్న వేళకు కలుసుకోవాలంటే ఆ సమాచారం ఎవరో ఒకరు రేడియోలో పంపాలి. ఆ సమాచారం ఎంతకాలం రహస్యంగా ఉంటే ఈ ఏర్పాటు ఆయుష్షు అంతే. నేటి నౌకాదళాలు కూడా గమనంలో ఉంచుకోవలసిన అంశం ఇదేనని నా అభిప్రాయం.

అసలు ఇలాంటి జలాంతర్గామి అవసరం ఎందుకు వచ్చిందో లెక్క చూస్తే తెలుస్తుంది. జర్మనీ అత్యధికంగా నిర్మించిన సెవెన్-సి తరగతి జలాంతర్గామి సుమారు 113 టన్నుల ఇంధనంతో, పది నాట్ల వేగంతో 8,500 నాటికల్ మైళ్లు తిరగగలదు. ఫ్రాన్సు పశ్చిమ తీరంలోని లోరియాంట్, సెయింట్ నజైర్ స్థావరాల నుంచి అమెరికా తూర్పు తీరానికి దూరం మూడువేల నాటికల్ మైళ్లు. రానూపోనూ ప్రయాణానికే ఇంధనంలో అధికభాగం కరిగిపోతే వేటకు మిగిలేది కొద్ది రోజులే. 1942 ఆరంభంలో అమెరికా వైపు వెళ్లిన కొన్ని నౌకల్లో నావికులు తాగునీటి ట్యాంకులను సైతం డీజిల్‌తో నింపుకొని, పడుకునే చోట ఆహారపు పెట్టెలు పేర్చుకొని బయలుదేరారు. నావికుల పట్టుదలతో కొన్ని రోజులు కలిసివస్తాయి, నెలలు కలిసిరావు.

మామూలు సరఫరా నౌకలతో ఈ కొరత తీర్చే ప్రయత్నం అంతకు ముందు ఏడాదే విఫలమైంది. 1941 జూన్‌లో అట్లాంటిక్‌లో పొంచి ఉన్న జర్మన్ సరఫరా నౌకలను బ్రిటిష్ నౌకాదళం ఒకదాని వెంట ఒకటిగా పట్టుకోవడమో ముంచడమో చేసింది. అదే ఏడాది నవంబరు 22న యు-126కు ఇంధనం అందిస్తున్న అట్లాంటిస్ నౌకను బ్రిటిష్ క్రూయిజర్ డెవన్‌షైర్ ముంచింది. ప్రాణాలతో బయటపడిన నావికులను ఎక్కించుకున్న పైథాన్ నౌకను తొమ్మిది రోజులకే డార్సెట్‌షైర్ పట్టేసింది. సముద్రం పైన తిరిగే సరఫరా నౌక శత్రువు కళ్లబడక తప్పదని జర్మన్లకు అర్థమైంది. అయితే తమ సంకేతాలను శత్రువు చదువుతున్నందువల్లే అది కళ్లబడిందన్న సంగతిని మాత్రం వారు నమ్మలేదు. తర్వాతి అనర్థాలన్నిటికీ మూలం అక్కడే ఉంది.

జర్మన్ నావికులు పాడి ఆవులని పిలుచుకున్న ఈ పద్నాలుగో తరగతి జలాంతర్గామి పొడవు 67 మీటర్లు. పొట్టిగా, వెడల్పుగా ఉండే ఈ నౌక నీటిపై తేలినప్పుడు సుమారు 1,700 టన్నుల నీటిని తొలగిస్తుంది. ఇతరులకు ఇవ్వడానికి అందులో దాదాపు 430 టన్నుల ఇంధనం ఉండేది. సెవెన్-సి జలాంతర్గాములు నాలుగింటిని అది దాదాపు పూర్తిగా నింపగలదు. తలా 35 టన్నుల చొప్పున పంచితే పన్నెండింటి గస్తీని పొడిగించగలదు. రొట్టెలు కాల్చే పొయ్యి ఉండేది, వైద్యుడు ఉండేవాడు. ఆత్మరక్షణకు ఉన్నవి విమాన విధ్వంసక తుపాకులు మాత్రమే. వెడల్పాటి పైభాగం సరుకులు అందించడానికి అనువుగా ఉండేది గానీ, అదే ఆకారం నీటిలోకి మునిగే వేగాన్ని తగ్గించింది.

ఇంధనం అందించడం మాటల్లో చెప్పినంత సులువు కాదు. రెండు నౌకలూ నీటిపై తేలి, ఒకదాని వెనుక ఒకటి మెల్లగా సాగుతుండగా వాటి మధ్య లాగుడు తాడు, దానితోపాటు నూనె గొట్టం వేసేవారు. గంటల తరబడి ఆ గొట్టం వాటిని కలిపి ఉంచేది. టార్పెడో మార్పిడి ఇంకా కష్టం. టన్నున్నరకు పైగా బరువుండే ఆయుధాన్ని నీటిపై తేలేలా కట్టి, అవతలి నౌక దగ్గరకు చేర్చి, ఏటవాలుగా లోపలికి దించాలి. అలలు ఎగసిపడితే ఆగిపోవాలి. ఆకాశంలో విమానం కనిపిస్తే గొట్టం కోసి పారేయాలి. నడిసముద్రంలో రెండు జలాంతర్గాములు చేరువ కావడం ఎంత ప్రమాదకరమో మన చరిత్రలోని ఒక ఘట్టం వల్ల మనకూ తెలుసు. 1943 ఏప్రిల్ చివర మడగాస్కర్‌కు ఆగ్నేయంగా సుభాష్ చంద్రబోస్ జర్మన్ యు-180 నుంచి జపాన్ ఐ-29లోకి మారినప్పుడు, సముద్రం అల్లకల్లోలంగా ఉండటంతో రెండు నౌకలూ అనువైన వేళ కోసం ఎదురుచూడవలసి వచ్చింది. చివరకు ఆయన, ఆయన వెంట ఉన్న హైదరాబాదీ ఆబిద్ హసన్ రబ్బరు పడవలో అవతలి నౌకకు చేరారు. ఇద్దరు మనుషులను దాటించడానికే అంత ప్రయాస అయితే, పదుల టన్నుల నూనెను దాటించడం ఎలా ఉండేదో ఊహించవచ్చు.

1942లో ఈ ఏర్పాటు భయంకరంగా ఫలించింది. చిన్న జలాంతర్గాములు సైతం అమెరికా తీరంలో, కరేబియన్‌లో వారాల తరబడి నిలిచాయి. ఆ శరదృతువులో కేప్‌టౌన్ వైపు వెళ్లిన దళానికి దక్షిణ అట్లాంటిక్‌లో యు-459 ఇంధనం అందించింది. ఈ సాంకేతిక విజయాన్ని మెచ్చుకుంటూ రాసేవారు దాని మూల్యాన్ని పక్కన పెట్టేస్తుంటారు. ఆ నూనె వల్ల పెరిగిన ప్రతి గస్తీ దినం సరుకు నౌకల నావికుల మీద పడింది. బ్రిటిష్ నౌకల్లో బాయిలర్ల దగ్గర, డెక్కుల మీద చాకిరీ చేసి ఆ యుద్ధంలో చనిపోయిన భారతీయ లస్కర్లు వేలల్లో ఉన్నారు. నాజీ ప్రభుత్వం ప్రారంభించిన యుద్ధాన్ని పొడిగించిన సాధనం ఇది. దాని పనితనాన్ని విశ్లేషించేటప్పుడు ఈ మాట చెప్పకుండా దాటవేయడం సరికాదు.

1942లో అది ఎందుకు ఫలించిందన్నదే కీలకమైన ప్రశ్న. ఆ ఏడాది ఫిబ్రవరి 1న అట్లాంటిక్ జలాంతర్గాములు నాలుగు చక్రాల ఎనిగ్మా గూఢలిపి యంత్రానికి మారాయి. బ్లెచ్లీ పార్కులోని బ్రిటిష్ నిపుణులకు అప్పటివరకూ అందుతున్న సందేశాలు ఒక్కసారిగా చీకటైపోయాయి. ఆ చీకటి డిసెంబరు దాకా సాగింది. సరఫరా జలాంతర్గాముల స్వర్ణకాలం సరిగ్గా ఈ పది నెలల్లోనే ఇమిడి ఉంది. ఆ వ్యవధిలో సేవలో ఉన్న ఆరింటిలో ఒకే ఒక్కటి, యు-464, ఐస్‌లాండ్ సమీపంలో అమెరికన్ కాటలీనా విమానం చేతికి చిక్కింది. మిగిలినవి హాయిగా తిరిగాయి. దీన్ని కేవలం కాకతాళీయంగా నేను చూడలేను.

ఆ చీకటిని తొలగించినది ఇద్దరు నావికుల ప్రాణత్యాగం. 1942 అక్టోబరు 30న తూర్పు మధ్యధరాలో దెబ్బతిని మునిగిపోతున్న యు-559లోకి దిగిన బ్రిటిష్ నావికులు టోనీ ఫాసన్, కోలిన్ గ్రేజియర్ సంకేత పుస్తకాలను పైకి అందించారు. తాము మాత్రం బయటకు రాలేక నౌకతోపాటు మునిగిపోయారు. ఆ పుస్తకాల సాయంతో డిసెంబరులో గూఢలిపి మళ్లీ విడిపోయింది. జలాంతర్గాముల అధిపతి డోనిట్జ్ ప్రతి కదలికనూ స్థావరం నుంచే రేడియోలో శాసించేవాడు. ఎవరు ఎవరిని ఏ చోట, ఏ రోజున కలవాలో, ఎంత నూనె తీసుకోవాలో ఆ సందేశాల్లో ఉండేది. చోటును మరో పొర సంకేతంతో కప్పేవారు గానీ, దాన్ని కూడా విప్పడం శత్రువు నేర్చుకున్నాడు.

తెలుసుకున్న సమాచారాన్ని వాడుకోవాలా, వద్దా అన్న విషయమై మిత్రపక్షాల మధ్యే భేదాభిప్రాయం వచ్చింది. నిర్మానుష్యమైన సముద్రంలో కలుసుకునే ప్రతి చోటికీ విమానాలు వస్తుంటే గూఢలిపి బయటపడిందని జర్మన్లు గ్రహిస్తారని బ్రిటిష్ అధికారులు కలవరపడ్డారు. 1943 మేలో అమెరికన్ అడ్మిరల్ ఎర్నెస్ట్ కింగ్ నెలకొల్పిన పదో నౌకాదళం మాత్రం వేటకే మొగ్గింది. బోగ్, కోర్, కార్డ్ వంటి చిన్న విమాన వాహక నౌకలు, తీరంపై నుంచి లేచే విమానాలకు అందని, నడి అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల పరిసర జలాల్లోకి వెళ్లాయి. బ్రిటిష్ వారి భయం సహేతుకమైనదే. డోనిట్జ్ నిజంగానే అనుమానించాడు, విచారణ కోరాడు. ఎనిగ్మా సురక్షితమేనని నిపుణులు భరోసా ఇచ్చారు, ఆయన నమ్మాడు. అమెరికన్లు ఆడిన జూదం శత్రువు అతివిశ్వాసం వల్ల గెలిచింది.

ఇక 1943 వేసవి. జులై 13న కోర్ నౌక విమానాలు యు-487ను ముంచాయి. జులై 24న ఫ్రాన్సు పశ్చిమ తీరాన ఉన్న బిస్కే అఖాతం దగ్గర రెండు బ్రిటిష్ వెల్లింగ్టన్ విమానాలు యు-459పై దాడి చేశాయి. వాటిలో ఒకటి దాని మీదే కూలింది. ఆ విమానం నుంచి డెక్కుపై పడి మిగిలిన డెప్త్ ఛార్జీలను, అంటే నీటి లోతున పేలే బాంబులను, నావికులు నీటిలోకి తోసేయగా అవి నౌక కిందే పేలాయి. కమాండర్ విలామోవిట్జ్ నౌకతోపాటే మునిగిపోయాడు. జులై 30న కలిసి ప్రయాణిస్తున్న యు-461, యు-462 ఒకే రోజున పోయాయి. ఆగస్టు 4న యు-489 వంతు వచ్చింది. అంటే మూడు వారాల్లో అయిదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. వీటిలో మూడు, మే నెలలో పోయిన యు-463తో కలిపితే నాలుగు, కలుసుకునే చోట కాకుండా బిస్కే అఖాతం దాటుతూ రాడార్ విమానాలకు దొరికాయి. అక్కడ పనిచేసింది గూఢలిపి కాదు, గాలింపు. ఈ అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఆ అఖాతంలో పోరాట జలాంతర్గాములు కూడా పోయాయి. ఒక పోరాట జలాంతర్గామి పోతే ఒక గస్తీ ఆగిపోతుంది. సరఫరా జలాంతర్గామి పోతే దాని మీద ఆశ పెట్టుకొని వేలమైళ్ల దూరంలో ఉన్న డజను గస్తీలు ఒక్కసారిగా కుంటుపడతాయి. నౌకాదళం బలాన్నంతా మెల్లగా మునిగే పది నౌకల్లో కేంద్రీకరించడమే ఆ బలహీనత. కలయిక చోట ఏం జరిగేదో చూపడానికి అక్టోబరు 4 ఒక్కటే చాలు. అజోర్స్‌కు ఉత్తరాన యు-460 చుట్టూ మరో మూడు జలాంతర్గాములు చేరి ఉన్న వేళ కార్డ్ నౌక విమానాలు వచ్చిపడ్డాయి. ఇంధనం ఇచ్చే నౌకతోపాటు యు-422 కూడా ఆ రోజే మునిగింది.

ఈ దెబ్బ హిందూ మహాసముద్రం దాకా తాకింది. మాన్సూన్ అన్న పేరుతో ఆ వేసవిలో బయలుదేరిన జర్మన్ దళానికి దారిలో ఇంధనం ఇవ్వాల్సిన నౌకలే లేకుండా పోయాయి. పోరాట జలాంతర్గాముల నుంచే నూనె తోడి కొన్నింటిని ముందుకు పంపారు. బయలుదేరిన వాటిలో సగం కూడా హిందూ మహాసముద్రానికి చేరలేదు.

అన్నిటికంటే నా మనసును కలచేది యు-66 సంగతి. 1944 ఏప్రిల్ చివర అది ఆహారం, ఇంధనం అడుగంటి కేప్‌వెర్డ్ దీవులకు పడమరగా యు-488 కోసం వెతుక్కుంటోంది. ఏప్రిల్ 26న జలాంతర్గాములను వేటాడే చిన్న యుద్ధనౌకలైన అమెరికన్ డిస్ట్రాయర్ ఎస్కార్టులు యు-488ను అందులోని 64 మందితో సహా ముంచేశాయి. ఎడతెగని వేట మధ్య ఇంధనం తీసుకోవడం అసాధ్యమని, నడి అట్లాంటిక్ బిస్కే కంటే దారుణంగా ఉందని యు-66 కమాండర్ రేడియోలో మొరపెట్టుకున్నాడు. మే 6 తెల్లవారుజామున అమెరికన్ నౌక బక్లీ దాన్ని ఢీకొట్టింది. రెండు నౌకలూ పెనవేసుకున్న క్షణాల్లో మనుషులు చేతికందిన వస్తువులతో కొట్టుకున్నారు. జూన్ 12న చివరిదైన యు-490 కూడా మునిగింది. దానిలోని అరవై మందీ మాత్రం బతికి బయటపడ్డారు.

యుద్ధం తర్వాత ఈ ఆలోచన పూర్తిగా చావలేదు. అమెరికా గువావినా అనే జలాంతర్గామిని నూనె మోసేలా మార్చి సముద్ర విమానాలకు ఇంధనం అందించే ప్రయోగాలు చేసింది. సోవియట్ యూనియన్ 648, 664 ప్రాజెక్టుల కింద సరఫరా జలాంతర్గాములను రూపొందించుకున్నా, వాటిలో ఒక్కటీ నౌకాదళంలో చేరలేదు. అణుశక్తి రావడంతో ఇంధనం సమస్యే కాకుండా పోయింది. అణు జలాంతర్గామిని నేడు స్థావరానికి రప్పిస్తున్నవి ఆహారం, ఆయుధాలు, మనుషుల ఓపిక. అమెరికా ఆ అవసరాన్ని గువామ్ కేంద్రంగా పనిచేసే ఎమొరీ ఎస్. ల్యాండ్, ఫ్రాంక్ కేబుల్ అనే, నీటిపై తిరిగే సహాయక నౌకలతో తీరుస్తోంది. మన నౌకాదళం కూడా 1968లో సోవియట్ యూనియన్ నుంచి అలాంటి సహాయక నౌక ఐఎన్ఎస్ అంబాను తెచ్చుకుంది. 2006లో దాన్ని విరమింపజేశారు.

డీజిల్ జలాంతర్గామికి మాత్రం దూరం నేటికీ సమస్యే. 1971లో పాకిస్థాన్ విశాఖపట్నం వైపు ఘాజీనే పంపడానికి కారణం అదే. వారి వద్ద ఉన్న ఫ్రెంచ్ తయారీ డాఫ్నే జలాంతర్గాములు కరాచీ నుంచి బంగాళాఖాతం వరకు వచ్చి గస్తీ తిరగలేవు. ఒక్క నౌక మీదే ఆధారపడవలసి వచ్చింది, ఆ ఒక్కటీ విశాఖ రేవు ముందే మునిగింది.

మనిషి లేని జలాంతర్గాములతో సరఫరా చేయవచ్చన్న మాట ఇప్పుడు వినిపిస్తోంది. ఎన్ని టన్నులు మోస్తుంది, ఎంత లోతుకు దిగుతుంది అన్న ప్రశ్నలకు ఇంజినీర్లు సమాధానం చెప్పగలరు. అది, దాని కోసం ఎదురుచూసే నౌక ఒకదానికొకటి ఎలా కబురు పెట్టుకుంటాయన్నది మొదట తేలాలి. ఉపగ్రహాలు, సముద్ర గస్తీ విమానాలు, నీటి అడుగున పరిచిన శ్రవణ యంత్రాలు పెరిగిన ఈ కాలంలో ఆ కలయికను దాచడం 1943 కంటే కష్టం. విశాఖ, కార్వార్, శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) వంటి స్థావరాలున్న భారత నౌకాదళానికి, ఆ స్థావరాలను శత్రు క్షిపణుల నుంచి కాపాడుకోవడం మీద, అంబా వంటి సహాయక నౌకను మళ్లీ సమకూర్చుకోవడం మీద వెచ్చించే సొమ్ము ఇటువంటి ప్రయోగాల కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.