మూడో కృష్ణుడికి ఓపెనింగ్స్ ఎలా ఉంటాయి?

విశాఖ ట్రేడ్ వర్గాల్లో ఇప్పుడు ఒకటే టెన్షన్. ట్రేడ్ వర్గాలంటే ఎవరో కాదు, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గరి టీ బడ్డీ ముందు సాయంత్రం పూట నిలబడే మేం నలుగురం. ఇద్దరు పోర్టులో రిటైరయ్యారు, ఒకరు స్టీల్‌ప్లాంటులో, నేను ఇంట్లో.

విషయం ఏమిటంటే, మాకు తెలిసిన కళాపరిషత్తు ఒకటి ‘కురుక్షేత్రం’ పద్యనాటకాన్ని మళ్లీ భారీ ఎత్తున దించుతోంది. కొత్త తెరలు, చక్రాలు తిరిగే రథం, హార్మోనియం పక్కన కీబోర్డు, ముగ్గురు కృష్ణులు. వీటన్నిటినీ మించిన సాహసం ఇంకొకటుంది. టికెట్టు పెడుతున్నారు.

ఉచిత ప్రవేశం, అందరూ ఆహ్వానితులే అన్న రెండు ముక్కల మీద బతుకుతున్న రంగంలో ఇది మామూలు రిస్కు కాదు. కాబట్టి బాధ్యత గల విశ్లేషకుడిగా వసూళ్ల అంచనా వెయ్యక తప్పదు.

ముందు కంటెంటు సంగతి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలనే జనం కురుక్షేత్రం అంటారు. కథకి రివ్యూల భయం లేదు. చివర్లో ఎవరు గెలుస్తారో చంటిపిల్లాడికి కూడా తెలుసు కాబట్టి స్పాయిలర్ల బాధా లేదు. ఇక స్టార్ క్యాస్టు అంటారా, అర్జున దుర్యోధనులు సాయమడగడానికొస్తే నిద్ర నటించే పడకసీనుకో కృష్ణుడు, రాయబారానికో కృష్ణుడు, యుద్ధానికో కృష్ణుడు. సినిమావాళ్లు ఇద్దరు హీరోల్ని ఒక పోస్టరు మీదికి తెచ్చి మల్టీస్టారర్ అని మురిసిపోతారు. ఒకే వేషానికి ముగ్గురు హీరోల్ని పెట్టి, ఎవరికి ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయో తెల్లారేదాకా తగువులాడుకున్న జాతి మనది. పైగా కృష్ణుడి వేషంతోనే పేరు మోగిపోయిన పీసపాటి నరసింహమూర్తి గారు మన ఉత్తరాంధ్ర మనిషి. లోకల్ సెంటిమెంటు కూడా ఉందన్నమాట.

రీరిలీజుల గాలి కూడా మనవైపే వీస్తోంది. ఇరవయ్యేళ్ల కిందటి సినిమాని కడిగి ఫోర్‌కేలో వేస్తే, పుట్టకముందు వచ్చిన సినిమాకి కుర్రాళ్లు కాగితాలు చింపి విసురుతున్నారు, పాట మళ్లీ వెయ్యమని అరుస్తున్నారు. అయ్యా, ఆ విద్య ఎవరిది? చచ్చిపడిపోయిన పాత్ర వన్స్‌మోర్ వినపడగానే లేచి దుమ్ము దులుపుకుని, అదే పద్యం అదే రాగంలో పాడి, మళ్లీ శుభ్రంగా చచ్చిపోయేది మా నాటకంలో కాదా? పరిషత్తుకి నేనొక సూచన చేశాను. రెండో వన్స్‌మోర్ నుంచి పది రూపాయలు అదనంగా వసూలు చెయ్యండి అని. హార్మోనిస్టు ఒప్పుకున్నాడు, పరిషత్తు ఒప్పుకోలేదు.

టికెట్టు ధర మీద మూడు సమావేశాలు జరిగాయి. నాటకం టికెట్టు ఐదు వందల దాకా ఉంటే జీఎస్టీ లేదని పోర్టు రిటైరీ ఒకాయన చెప్పగానే అందరి కళ్లూ చెమర్చాయి. నాటకానికి ఐదు వందలకి మించి పెట్టే మనిషి ఈ దేశంలో ఉంటాడని ఊహించింది ఆ పన్ను రాసినవాడొక్కడే. చివరికి నూటయాభై దగ్గర తేలింది. అదేమీ ఎక్కువ కాదని నా వాదన. మల్టీప్లెక్సులో పాప్‌కార్న్‌కి అంతకు రెట్టింపు కిక్కురుమనకుండా ఇచ్చే ఎంవీపీ కాలనీ పెద్దమనిషి, పద్యానికి డబ్బులడిగితే మాత్రం “కళని అమ్ముకుంటారేటండీ?” అని బాధపడిపోతాడు. కళ మీద ఆయనకున్న గౌరవం అలాంటిది. పైసా అంటనివ్వడు.

రిలీజ్ డేటు దగ్గర అసలు చిక్కు. సంక్రాంతి సినిమావాళ్లు ఎప్పుడో రాయించేసుకున్నారు. వైశాఖంలో పెడదామంటే చందనోత్సవానికి ఊరు ఊరంతా సింహాచలం క్యూలో ఉంటుంది. మార్గశిరంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారివి, మిగతా రోజులు ఆ గురువారాల అలసట తీర్చుకోవడానికి. కార్తీకంలో ఆదివారాలు పిక్నిక్కులకే చాలవు. అక్టోబరు అందామంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లెవరూ ఆ నెలలో షామియానాకి అడ్వాన్సు ఇవ్వరు. వేసవిలో క్రికెట్టు. ఇవన్నీ పోగా క్యాలెండరులో ఒక మంగళవారం మిగిలింది. మంగళవారం ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు కాబట్టి పోటీ ఉండదని, సోలో రిలీజ్ అని ప్రకటించేశారు.

వేదిక పెద్ద సమస్య కాదు. కళాభారతి ఉంది, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది. ఏదో ఒకటి దొరుకుతుంది. కానీ బ్రాండింగ్ చూడండి. జగదాంబ అనే సినిమాహాలు పేరు మీద ఊళ్లో పెద్ద కూడలే వెలిసింది. తెలుగు నాటకానికి పెద్దదిక్కు గురజాడ పేరు చెప్పి ఆటో ఎక్కితే మాత్రం “సిరిపురం జంక్షనా సార్?” అని తిరిగి మనల్నే అడుగుతాడు.

అయినా ఇవేవీ కలెక్షన్లని ముంచే విషయాలు కావు. ముంచేది ఫస్టాఫ్. ఫస్టాఫ్ అంటే పడకసీను అనుకునేరు, సన్మానసభ. జ్యోతి ప్రజ్వలనతో ఆరున్నరకి మొదలవుతుంది. వేదిక మీద పదిహేడు కుర్చీలు. ప్రతి వక్తా “నాటకానికి అడ్డు రాను, రెండే రెండు మాటలు” అంటాడు. ఆ రెండు మాటల నిడివి ఇరవై నిమిషాలు. నాటకం చచ్చిపోతోందని ఒకాయన, చావదని ఇంకొకాయన, చావనివ్వకూడదని మూడో ఆయన మాట్లాడుతుండగా, తెర వెనక దుర్యోధనుడు కిరీటం బరువుకి మెడ పట్టేసి బామ్ రాయించుకుంటుంటాడు. మొదటి కృష్ణుడికి కూడా సన్మానం ఉంది కాబట్టి ఆయన వేషంతోనే వేదిక మీద కూర్చుంటాడు. పడకసీనులో పడుకోవడానికి ఆయనకి వేరే రిహార్సల్ అక్కర్లేదు.

సన్మానం పొందినవాళ్ల బంధువులు ఫోటోలు కాగానే శాలువాలు సంచీలో పెట్టుకుని వెళ్లిపోతారు. ట్రేడు భాషలో దీన్ని ఫస్ట్ డే డ్రాప్ అనొచ్చు, కాకపోతే ఇక్కడ గంటన్నరలోనే పడిపోతుంది. రాయబారం సగంలో ఉండగా గాజువాక ఆఖరి బస్సు గుర్తొచ్చి ఇంకో వంద కుర్చీలు ఖాళీ అవుతాయి. సంధి కుదిరిందో లేదో కూడా చూడరు. ఇక యుద్ధం మొదలయ్యేసరికి రెండు పక్షాల సైన్యంలో ఉన్నంత మంది కూడా హాల్లో ఉండరు. మా సైన్యం ఒక్కో పక్షానికి నలుగురు.

నాన్ థియేట్రికల్ ఆదాయం, అంటే టీవీ, ఓటీటీ హక్కుల డబ్బు, లేదు. భీముడి బావమరిది సెల్‌ఫోన్ నిలువుగా పట్టుకుని లైవ్ ఇచ్చేస్తాడు, అందులో గద తప్ప ఇంకేమీ కనపడదు.

పాసుల గండం కూడా చెప్పాలి. టికెట్టు పెట్టారన్న వార్త వచ్చిన గంటలో పరిషత్తు కార్యదర్శికి ఫోన్లు మొదలయ్యాయి. టికెట్టు ఎంతని ఒక్కరూ అడగలేదు. “గురూగారూ, పాసులేవైనా ఉన్నాయేటి? ముందు వరస అయితే మా ఆవిడ కూడా వస్తుంది” అన్నవాళ్లే. అందులో ఇద్దరు సన్మానసభలో నాటకాన్ని బతికించుకోవాలని మాట్లాడబోయేవాళ్లు. నేను కూడా చేశాను, కానీ నాది విశ్లేషణ కోసం.

నిన్న సాయంత్రం టీ బడ్డీ దగ్గరికి కార్యదర్శి స్వయంగా వచ్చాడు. అడ్వాన్స్ బుకింగ్ ఎలా ఉందని అడిగాం.

“పన్నెండు టికెట్లు తెగాయండీ.”

మేం నలుగురం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. డబ్బిచ్చి కొన్నవి పన్నెండా! ఎవరా మహానుభావులు?

“ఒక్కరేనండీ. మూడో కృష్ణుడు. రథం మీదికి ఆయనొచ్చేసరికి హాల్లో ఎవరూ ఉండరని, ఇంట్లోవాళ్లకి తనే కొన్నాడు.” కార్యదర్శి టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. “అక్కడ గీత చెప్పి అర్జునుణ్ణి లెమ్మనాలి కదండీ ఆయన. ఇంట్లోవాళ్లని మాత్రం అప్పటిదాకా లేవొద్దని ఒట్టేయించుకున్నాడట.”