మన కౌంటర్ మీది కార్డ్ మెషీన్‌ని ముందు మనమే చూసుకోవాలి

ఫలానా ఊళ్లో స్కిమ్మర్ (కార్డు వివరాలు దొంగిలించడానికి మెషీన్‌కి తగిలించే పరికరం) దొరికిందని వార్త వస్తే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సలహా: "కార్డు పెట్టేముందు మెషీన్‌ని ఒకసారి లాగి చూడండి." మంచి మాటే. కానీ అది కొనేవాళ్లకు చెప్పేది. అమెరికాలో గ్యాస్ స్టేషన్లు, ఇండియన్ గ్రోసరీలు, రెస్టారెంట్లు నడిపే తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఆ మెషీన్ పొద్దస్తమానం ఉండేది మన కళ్ల ముందు.

దొంగలు సాధారణంగా ఇద్దరు వస్తారు. ఒకడు వెనకాల అరలో ఏదో కావాలని క్యాషియర్‌ని అటు తిప్పుతాడు. రెండోవాడు అచ్చం మెషీన్‌లాగే కనిపించే ప్లాస్టిక్ తొడుగును దానిమీద నొక్కేస్తాడు. ఫోన్‌కి కేసు తొడిగినంత తేలిగ్గా, సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత కూడా బిల్లులు మామూలుగానే పడతాయి, రసీదులూ వస్తాయి. లోపల మాత్రం కార్డు వెనక నల్లపట్టీలోని వివరాలు, నొక్కిన పిన్ రికార్డవుతూ ఉంటాయి.

కంటికంటే చేతికే ముందు తెలుస్తుంది. మీటలు ఎప్పటికంటే లోతుగానో, బిగుసుగానో తగులుతాయి. చిప్ పెట్టేచోట లైటు సగం మూసుకుపోయి ఉంటుంది. అంచున గోరు దూరేంత సందు ఉంటుంది. పైభాగం పట్టుకుని గట్టిగా లాగితే తొడుగు ఊడివస్తుంది. ఏకంగా మెషీన్‌నే మార్చేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగునున్న సీరియల్ నంబరు రాసిపెట్టుకుని పోల్చి చూడాలి. కార్డు చెల్లింపుల భద్రత కోసం కార్డు కంపెనీలు పెట్టిన పీసీఐ నిబంధనలు అడిగేదీ ఇదే: మెషీన్ల జాబితా, తరచూ తనిఖీ, పనివాళ్లకు శిక్షణ. ఏటా వచ్చే ఫారంలో "అవును" అని టిక్కు పెట్టి ఊరుకుంటే ఆ పని అయినట్టు కాదు. షాపు తెరిచేటప్పుడు ఒకసారి, షిఫ్టు మారినప్పుడల్లా ఒకసారి చూడాలని నా అభిప్రాయం. ఒక్క నిమిషం పట్టదు.

"మెషీన్ రిపేరుకి వచ్చాం" అని ఎవరైనా వస్తే, ఓనర్‌కి ఫోన్ చేసేదాకా ముట్టుకోనివ్వనని క్యాషియర్ గట్టిగా చెప్పగలగాలి. "కాసేపు అమ్మకం ఆగినా నిన్నేమీ అనను" అని మనం ముందే చెప్పి ఉంచితేనే వాళ్లకా ధైర్యం వస్తుంది.

ఇంత గట్టిగా అడగడానికి అసలు కారణం ఈబీటీ కార్డులు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే స్నాప్ సాయం ఈ కార్డుల్లోనే పడుతుంది. క్రెడిట్ కార్డు దొంగిలించి వాడుకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం కార్డుదారు మీద పడేది 50 డాలర్లకు మించదు. స్నాప్ సొమ్ముకు ఆ రక్షణ లేదు. కాలిఫోర్నియా 2025లో చిప్ ఉన్న ఈబీటీ కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది కానీ, చాలా రాష్ట్రాల్లో ఇంకా ఆ నల్లపట్టీ కార్డులే. పోయిన స్నాప్ సొమ్మును ఫెడరల్ నిధులతో తిరిగిచ్చే ఏర్పాటు 2024 డిసెంబరు 20 తర్వాత జరిగిన దొంగతనాలకు వర్తించదు. పిల్లల తల్లి ఒకావిడ పాలు, బియ్యం తీసుకుని కౌంటర్ దగ్గరికొచ్చాక బాలెన్స్ సున్నా అని తెలిస్తే, ఆ నెలంతా ఆ ఇంట్లో తిండికి ఇబ్బందే. ఆ కార్డు వివరాలు పోయింది మన షాపులోనే అయితే ఆవిడకు ఏం చెప్పగలం?

తొడుగు దొరికితే చెత్తబుట్టలో పడేయకండి. దాన్ని ఇక ముట్టుకోకుండా, ఆ మెషీన్ వాడకం ఆపేసి పోలీసులకు, పేమెంట్ కంపెనీకి ఫోన్ చేయండి. సీసీ కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే తీసిపెట్టండి. మన సంఘం వచ్చే బిజినెస్ సమావేశంలో దీనికో అరగంట కేటాయించాలి. ఓనర్లతోపాటు కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లనూ పిలవాలి. ఒక పాత మెషీన్ బల్లమీద పెట్టి ఎక్కడ పట్టుకోవాలో, ఎంత గట్టిగా లాగాలో అందరిచేతా చేయించాలి.