పద్నాలుగు గంటల భోజనం

ముక్కు ఇంకా మండుతూనే ఉంది, ఈ మంట చల్లారకముందే రాసేస్తున్నా. ఏడాదిగా గుండెల్లో మంట, పుల్ల తేన్పులు. ఉండేదేమో బరంపురం, పచ్చళ్ళకీ అప్పడాలకీ పేరుపడ్డ ఊరు, ఇక కారణం వేరే చెప్పాలా. ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు, యాసిడ్ తగ్గించే మాత్ర పాంటాప్రజోల్ 7 రోజులు మాన్పించారు (ఆ వారం సంగతి అడక్కండి), నిన్న పదకొండింటికి ముక్కులోంచి సన్నటి ట్యూబు దింపి, చెంపకి ప్లాస్టరేసి, నడుముకి మెషిన్ కట్టి 24 గంటలు ఉంచుకోమన్నారు. పీహెచ్ 4 కంటే దిగితే యాసిడ్ పైకి తన్నినట్టట. "రోజూ తినేదే తినండి, తినేముందు చెంచా బొమ్మ బటన్, తిన్నాక మళ్ళీ అదే, టైము కాగితం మీద రాయండి" అని టెక్నీషియన్ కుర్రాడు ఫోన్ చూసుకుంటూనే అరనిమిషంలో అప్పజెప్పేశాడు.

రాత్రి తొమ్మిదింటికి కంచం ముందు కూర్చుని బటన్ నొక్కా. ఆవకాయ వద్దని నేను, "రోజూ తినేదే తినమన్నాడు కదండీ, వెయ్యకపోతే రిపోర్టు అబద్ధమైపోద్ది" అని మా ఆవిడ. అత్తగారు ముద్ద దిగుద్దో లేదో అని నా గొంతుకేసే చూస్తూ కూర్చున్నారు, నేను మింగినప్పుడల్లా ఆవిడా ఓ గుటక మింగడం. ఈలోగా బావమరిదికి ధర్మసందేహం: "మజ్జిగ భోజనంలోకే వస్తదా బావా, తాగడానికి వేరే బటనేటైనా ఉందేటి?" అంటూ మెషిన్ లాగబోయాడు, నేను ఆవకాయ చేత్తోనే లాక్కున్నా. ఆ గొడవలో రెండోసారి నొక్కడం ఎవడికి గుర్తుంటుంది.

ఇవాళ ఆ కుర్రాడే కంప్యూటర్‌లో చూసి, హాలంతా వినపడేలా "సార్, రాత్రి తొమ్మిదినుంచి ఇప్పటిదాకా తింటూనే ఉన్నారా? 14 గంటలు!" ఒకాయన పక్కాయనకి "చవుద ఘొంటా" అని ఒడియాలో కూడా అందించాడు. తినేవాటిలోనే పులుపుంటుంది కాబట్టి భోజనం టైము లెక్కలోంచి తీసేస్తారట. అంటే నా నిద్ర, నా మంట, అర్ధరాత్రి లేచి కూర్చున్న గంట, అన్నీ పప్పన్నం ఖాతాలోకే. ఆ ముక్క నిన్నే చెప్తే వాడి సొమ్మేం పోయింది? మెషినైనా ఓ కూత కూయొచ్చుగా, 14 గంటలు ఏ మనిషి తింటాడు!

"కాగితం మీద టైము రాశారా?"

కాగితం పచ్చడి జాడీ కింద ఉంది.

వాడు మెషిన్ అటూ ఇటూ తిప్పి, చెంచా బొమ్మ మీది ఎర్ర నూనె వేలితో తుడిచి, వాసన చూసి, "ఇంట్లో పట్టిందేనా సార్, కొన్నదా?" అన్నాడు.