మ.రా.రా.శ్రీ ఈజిప్టు చంద్రదేవులు ఖోన్షు వారి సముఖమునకు

ఉభయకుశలోపరి. తమరి కొలువులో ఉన్న మార్క్ స్పెక్టర్ దేహంలో ముగ్గురు కాపురముంటున్నారు గనుక ఆయన కుశలం మాత్రం విడివిడిగా అడగవలసి వస్తున్నది.

2022 మార్చి 30న మొదలై మే 4న ముగిసిన 'మూన్ నైట్' సీరియల్ ఆరు భాగాలూ చూశాక, తమరు ఎలాంటి దేవుడో తేల్చుకోలేకపోయాను గానీ, ఎలాంటి యజమానో బాగా అర్థమైంది. కొన ఊపిరితో తమరి గుడిలోకి పాకివచ్చిన మనిషికి ప్రాణం పోసి, బదులుగా జీవితాంతం చాకిరీ రాయించుకున్నారు. ఆ స్థితిలో ఎవరైనా షరతులు చదువుకుంటారా?

ఆ దేహంలోనే ఉండే స్టీవెన్ గ్రాంట్, లండన్ మ్యూజియం దుకాణంలో బొమ్మలు అమ్ముకునే సాధుజీవి, నిద్రలో లేచి నడుస్తానన్న భయంతో ప్రతి రాత్రీ కాలిని మంచానికి కట్టేసుకుని, చుట్టూ ఇసుక పోసి, తలుపుకు టేపు అంటించి పడుకుంటాడు; అయినా శుక్రవారం అనుకుని హోటలుకు వెళితే అది ఆదివారం అవుతుంది. తొట్టెలోని ఒంటి రెక్క చేపకు రాత్రికి రాత్రి రెండో రెక్క వస్తుంది. చేపను మార్చినవారు రెక్కలైనా లెక్కపెట్టలేదు! మార్క్ మనసులోని పగులు తమరు పెట్టింది కాదు, నిజమే. తమ్ముడు గుహలో నీటమునిగి పోయాక తల్లి పెట్టిన హింసకు తాళలేక ఆ పసివాడు స్టీవెన్‌ను కల్పించుకున్నాడు. తమరు ఆ పగుల్లో మకాం పెట్టి, ఒక్క జీతమైనా ఇవ్వకుండా ముగ్గురి పని చేయించుకున్నారు. (ముగ్గురి పాత్రలూ తానే పోషించిన నటుడు ఆస్కార్ ఐజాక్‌కు ఎన్ని పారితోషికాలు ముట్టాయో మరి.)

ఈజిప్టులోని కార్నాక్‌లో తమరికి నిజంగానే గుడి ఉంది. అక్కడ తమరిది డేగ తల. సీరియల్లో పక్షి పుర్రె. అది పోనివ్వండి. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న బెన్‌త్రెష్ శాసనం ప్రకారం, తమరి విగ్రహాన్ని బఖ్తాన్ దేశానికి పంపితే అక్కడి రాకుమారిని పట్టిన భూతం వదిలిపోయింది. ఒకప్పుడు పట్టినదాన్ని వదిలించిన తమరే ఇప్పుడు పట్టి పీడిస్తున్నారు. పైగా, పని పూర్తయ్యాక కూడా ఆ దేశాధిపతి విగ్రహాన్ని మూడేళ్ల తొమ్మిది నెలలు తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడని, బంగారు డేగ ఈజిప్టు వైపు ఎగిరిపోయినట్లు కల వచ్చి హడలిపోతే గానీ సాగనంపలేదని ఆ శాసనమే చెబుతున్నది. పని ముగిసినా వదలకపోవడం ఎలా ఉంటుందో తమరికి స్వానుభవమే కదా!

చివరి భాగంలో మార్క్‌కూ స్టీవెన్‌కూ విడుదల ప్రసాదించారని విని చేతులు జోడించాను. చివర్లో పేర్లు పడుతుండగా చూస్తే, తమరు సూటు తొడుక్కుని పొడుగాటి కారు వెనక సీట్లో కూర్చుని ఉన్నారు; ముందు సీట్లో, ఆ దేహంతోనే, జేక్ లాక్లీ అనే మూడోవాడు తుపాకీ పట్టుకుని ఉన్నాడు. అతని ఒప్పందం మీద సంతకం ఏ తేదీన, ఎవరు మెలకువగా ఉండగా పెట్టించుకున్నారో దయచేసి తెలియజేయగలరు. చెయ్యి ముగ్గురిదీ ఒక్కటే గదా.

ఇట్లు,
తమ విధేయ ప్రేక్షకుడు