తోడేలు తోలు కింద ఉన్నది మనవాడే

స్కిన్‌వాకర్ అని యూట్యూబ్‌లో కొట్టి చూడండి. పుర్రె ముఖం, జింక కొమ్ములు, సాగిన చేతులు, వెనకాల చీకటి అడవి. నవాహోలు, అంటే తమను తాము దినే అని పిలుచుకునే అమెరికా ఆదివాసీ జనం, తరతరాలుగా భయపడుతున్నదానికీ ఈ బొమ్మకూ పోలికే లేదు. ఆరిజోనా, న్యూమెక్సికో, యూటాల్లో పరుచుకున్న ఎర్రమట్టి ఎడారి వాళ్లది, గొర్రెల మందలది.

వాళ్ల భాషలో స్కిన్‌వాకర్ పేరు యీ నాల్డ్‌లూషీ. 'దానితో నాలుగు కాళ్ల మీద తిరిగేవాడు' అని అర్థం. అంటే జంతువు కాదు, దెయ్యం కాదు, తోడేలు తోలో, నక్కలాంటి కొయోటీ తోలో కప్పుకున్న మనిషి. నన్ను పట్టి వదలనిది ఇదే.

వాళ్ల కథల్లో ఒకటి ఇలా నడుస్తుంది. రాత్రిపూట కుక్కలు ఆపకుండా మొరుగుతాయి, హోగన్ అనే వాళ్ల మట్టి ఇంటి కప్పు మీద ఎవరో పాకినట్టు మట్టి రాలుతుంది, పొగ పోయే కంతలోంచి శవాల ఎముకలు నూరిన పొడి లోపలికి పడుతుంది. ఇంటాయన తుపాకీ పేలుస్తాడు. తెల్లారాక నెత్తుటి జాడ పట్టుకుని వెళ్తే, అది తెలిసినవాళ్ల గుమ్మం ముందే ఆగుతుంది. లోపల ఒకాయన గాయంతో పడుకుని ఉంటాడు.

తోలు కప్పుకుని తిరిగే ఈ మంత్రవిద్య దొరకాలంటే ముందు సొంత తోబుట్టువును చంపాలని కూడా చెబుతారు. బంధుత్వమే ప్రాణమనుకునే సమాజంలో ఇంతకు మించిన పాపం ఉంటుందా? 1944లో దీనిమీద పెద్ద అధ్యయనం అచ్చేసిన ఆంత్రోపాలజిస్టు క్లైడ్ క్లక్‌హాన్ ఇంకో సంగతి గమనించాడు: ఆస్తి కూడబెట్టి నలుగురికీ పెట్టనివాడి మీద మంత్రగాడన్న అనుమానం తేలిగ్గా పడేది. మన బాణామతి అనుమానాలు గుర్తు చేసుకోండి, కొట్టి చంపేది ఎక్కడివాణ్నో కాదు, పక్కింటివాణ్ని, ఒక్కోసారి సొంత పెదనాన్నని.

అక్కడా అదే జరిగింది. 1864లో అమెరికా సైన్యం వేలమంది నవాహోలను దాదాపు 500 కిలోమీటర్లు నడిపించి న్యూమెక్సికోలోని బోస్క్ రెడోండో శిబిరంలో నిర్బంధించింది, ఆకలికీ రోగాలకూ ఎంతోమంది పోయారు, మిగిలినవాళ్లు 1868 ఒప్పందంతో ఇంటికి తిరిగొచ్చారు. పదేళ్లకు, 1878లో, మంత్రగాళ్లన్న అనుమానంతో సొంత మనుషుల్నే చంపుకున్నారు, 40 మంది దాకా అని అంచనా. అంత దెబ్బ తిన్న జనం కారణాన్ని తమలోనే వెతుక్కున్నారంటే నాకు వింత అనిపించదు, బాధగా ఉంటుంది. కొమ్ముల బొమ్మలో ఈ చరిత్ర ఎక్కడుంది?

యూటాలో స్కిన్‌వాకర్ పేరుతో మోతమోగిన పశువుల క్షేత్రమైతే నవాహో నేలలోనే లేదు, అది యూట్‌లనే వేరే తెగకు కేటాయించిన రిజర్వేషన్ నేల పక్కన ఉంది. ఎగిరే పళ్లేల వేటకు ఆ పేరు తగిలించేశారు, అంతే.

దినేల్లో చాలామంది ఈ మాట పైకి ఎత్తరు, ముఖ్యంగా రాత్రిళ్లు. అది సిగ్గు కాదు, ఎత్తితే దాన్ని పిలిచినట్టే అని నమ్మకం. 2016లో జె.కె. రోలింగ్ తన హ్యారీ పోటర్ మాయాలోకంలోకి స్కిన్‌వాకర్లను లాక్కొచ్చి, ఆ కథలు దొంగ వైద్యులు పుట్టించినవని రాసింది. చెరోకీ అనే మరో ఆదివాసీ జాతికి చెందిన పండితురాలు ఏడ్రియన్ కీన్ గట్టిగా అడ్డం తిరిగింది, అయినా ఆ నమ్మకాల గుట్టు మాత్రం విప్పలేదు. ఇవి బయటివాళ్లు చర్చించాల్సినవి కావని, తమ సంస్కృతులు బతికి ఉన్నది ఇలాగేనని చెప్పి ఊరుకుంది.