యూట్యూబ్ థంబ్‌నైల్ గారికి ఒక సామాన్య ప్రేక్షకుడి లేఖ

మహారాజశ్రీ థంబ్‌నైల్ గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా షాక్‌లోనే ఉన్నాం. అక్కడ మీరు కూడా షాక్‌లు ఇస్తూనే ఉన్నారని తలుస్తాను.

వీడియో తెరవకముందే కనబడే బొమ్మ మీరు. మీ వెడల్పు 1280 పిక్సెళ్లు, ఎత్తు 720. ఆ కాస్త జాగాలోనే ఇద్దరు ముఖ్యమంత్రులు, ఒక మాజీ ముఖ్యమంత్రి, వాళ్ల మధ్య ఓ పిడుగు, వెనకాల మంటలు, మూలన ఎర్ర బాణం. పండగ రోజు ఆర్టీసీ కండక్టర్ కూడా ఇంతమందిని ఇరికించలేడు. ఎడమవైపు నాయకుడు పగలబడి నవ్వుతుంటాడు, అది ఏ పెళ్లిలోనో తీసిన ఫొటో. కుడివైపాయన కళ్లు తుడుచుకుంటుంటాడు, అది ఏ సంతాప సభలోదో. ఆ రోజు వాళ్లిద్దరూ ఒకరి పేరు ఒకరు ఎత్తనే లేదు. అయినా మీ దగ్గర యుద్ధం మొదలైపోతుంది. నొక్కి లోపలికి వెళ్తే, అసలు విషయానికి ముందు సబ్‌స్క్రైబ్ చేసుకోమంటారు, గంట కొట్టమంటారు, చివరికి "రాజకీయ వర్గాల్లో చర్చ జరుగుతోంది" అని ముగిస్తారు. ఆ వర్గాలవాళ్లు ఏ ఊళ్లో ఉంటారో ఒక్కసారైనా చెప్పండి, వెళ్లి దండం పెట్టుకుంటాను.

మీలో నాకు బాగా నచ్చింది చివర్లో ఉండే ప్రశ్నార్థకం. "మంత్రి రాజీనామా" అంటే అది వార్త, రుజువు చూపించాలి. "మంత్రి రాజీనామా?" అంటే మీరేమీ అననట్టే. మంత్రి గారు కేసు వేద్దామన్నా ప్రశ్న మీద ఏం వేస్తారు?

పాపం, పత్రికల్లో సబ్ ఎడిటర్‌కి ఈ సుఖం లేదు. శీర్షికలో ఉన్న మాట కింద వార్తలోనూ ఉండాలి. ఊరి పేరు వేయాలి. అచ్చయ్యాక తప్పు బయటపడితే మర్నాడు లోపలి పేజీలో, ఎవరి కంటా పడనంత చిన్నగానైనా, సవరణ వేయాలి. (పత్రికలేమీ హరిశ్చంద్రుడి వంశం కాదు లెండి. ఏ పేపరు ఏ పార్టీదో మన పిల్లలకు బడికెళ్లకముందే తెలుసు.) మీకు ఊరూ లేదు, తేదీ లేదు. మధ్యాహ్నం "షాక్" ఆడకపోతే సాయంత్రానికి "బిగ్ షాక్" అయిపోతారు. వీడియో అదే, లింకు అదే. 2024 నుంచి యూట్యూబే ఇందుకు దారి చూపింది. ఒక వీడియోకి మూడు థంబ్‌నైల్స్ దాకా పెట్టి, తలా ఒకటి చూపించి, జనాన్ని ఎక్కువసేపు కూర్చోబెట్టినదాన్ని గెలిపించొచ్చు. అంటే మంత్రి రాజీనామా చేశాడా, చేస్తాడా, చేయించారా అన్నది ఇక మంత్రి చేతిలోనూ లేదు.

నాయకులు మీ మనసు ఎప్పుడో కనిపెట్టారు. ప్రెస్‌మీట్‌లో అరగంట సాగునీటి లెక్కలు చెప్పి, లేవబోతూ ఒక్క తిట్టు వదులుతారు. అది నోరు జారడం కాదు, మీకు నైవేద్యం. టీఎంసీలు మీలో పట్టవు, తిట్టు పడుతుంది. విలేకరి ఆ తిట్టు మోసుకుని అవతలి పార్టీ ఆఫీసుకు పోయి, "సార్, మిమ్మల్ని ఇలా అన్నారు, మీరేమంటారు?" అంటాడు. సాయంత్రానికి రెండు తిట్లు, నాలుగు థంబ్‌నైల్స్. కాలువకు నీళ్లొచ్చాయా అని మాత్రం ఎవరూ అడగరు.

ఇంకో ఘనత ఏమిటంటే, ఇప్పుడు మిమ్మల్ని నొక్కాల్సిన పని కూడా లేదు. మా బాబాయి స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేస్తాడు. డాలస్‌లో ఉన్న మా బావ అది చూసి అక్కడి పార్టీ అభిమానులతో గొడవ పెట్టుకుంటాడు. వీడియో ఇద్దరూ చూడలేదు.

చంపడంలోనూ మీకు మొహమాటం లేదు. 2023 మార్చిలో, ఉగాది ముంగిట, నటుడు, మాజీ ఎమ్మెల్యే కోట శ్రీనివాసరావు తాను బతికే ఉన్నానని స్వయంగా వీడియో విడుదల చేసుకోవాల్సి వచ్చింది. పోయారన్న పుకారు నమ్మి బందోబస్తుకు పోలీసులు ఇంటికే వచ్చారట.

ప్రభుత్వాలకూ మీకూ ఉన్న బంధమైతే మరీ ముచ్చట. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం మీరు ప్రజల గొంతు, కుర్చీ ఎక్కగానే విషప్రచారం. 2019లో ఆంధ్రలో జీవో 2430 తెచ్చి, తప్పుడు వార్తల మీద కేసులు పెట్టించే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారింది, నవంబరుకల్లా అవతలి పార్టీ సోషల్ మీడియా వాళ్ల అరెస్టులు మొదలయ్యాయి. తెలంగాణలో 2025 మార్చిలో ఇద్దరు మహిళా యూట్యూబ్ జర్నలిస్టులను అరెస్టు చేశారు. అసలు జర్నలిస్టంటే ఎవరో తేల్చాలని ముఖ్యమంత్రి అసెంబ్లీలో అన్నారు. కొద్ది రోజులకే హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో ప్రభుత్వం భూమి చదును చేయిస్తుంటే చెట్లు నిజంగానే కూలాయి, సుప్రీంకోర్టు నిజంగానే ఆపమంది. పోలీసులు మాత్రం బుల్డోజర్ల ముందు జింకలున్న ఏఐ బొమ్మను ఎవరెవరు షేర్ చేశారో వెతికి, ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి సైతం నోటీసిచ్చారు.

2024 డిసెంబరులో యూట్యూబ్ మీ మీద కన్నెర్ర చేసిన సంగతి విని కంగారుపడ్డాను. రాష్ట్రపతి రాజీనామా అని పైన రాసి, లోపల ఆ ఊసే లేని వీడియోలను భారతదేశంలో తీసేస్తామని ప్రకటించింది. మీరేం టెన్షన్ పడలేదని మర్నాడే అర్థమైంది. అటు గూగుల్ లోగో, ఇటు ఎవరో ఏడుస్తున్న ఫొటో, మధ్యలో పిడుగు, కింద "యూట్యూబ్‌కు బిగ్ షాక్?"

ఇట్లు,
ఎర్ర బాణం కనబడితే వేలు ఆగని మీ విధేయుడు